సెల్ఫీ కాలంలో శిల్పం

సామాజిక మాధ్యమాల ప్రభావం మీద, అవి మనిషికి తన రూపం పట్ల పెంచిన ధ్యాస మీద గత పదిహేనేళ్లలో శిల్పులు చాలా పని చేశారు. అయితే ఈ వ్యవహారంలో శిల్పం పక్కన నిలబడి చూసే సాక్షి కాదు, తనకూ అందులో వాటా ఉంది. బొమ్మ ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లు ఉన్నారనే నమ్మకంతోనే ఇవాళ ఊరూరా కొత్త బొమ్మలు లేస్తున్నాయి. అందుకని ఈ అంశంలో ముందుగా ఒక తేడా గుర్తించాలి. ఫోన్ పట్టుకున్న మనిషిని చెక్కిన బొమ్మ వేరు, ఫోన్ పట్టుకుని వచ్చిన మనిషిని ఆపి నిలదీసే బొమ్మ వేరు. మొదటిది చూడగానే అర్థమవుతుంది, చూడగానే అయిపోతుంది కూడా. రెండోదానికి గట్టి ఉదాహరణ విశాఖపట్నంలోనే తయారైంది. అదీ ఇన్‌స్టాగ్రామ్ పుట్టిన 2010కి చాలా ముందే.

రూపం మీది ధ్యాస శిల్పానికి కొత్త విషయం కాదు. 1117లో ప్రతిష్ఠ జరిగిన బేలూరు చెన్నకేశవాలయంలోని దర్పణ సుందరి ఒక చేత్తో అద్దం పట్టుకుని, రెండో చేత్తో ముంగురులు సర్దుకుంటుంది. అద్దం ఆమె వైపు తిరిగి ఉంటుంది. అందులో ఏం కనిపిస్తోందో కింద నిలబడి చూసేవాడికి తెలియదు. ఆమె అందం లోకానికి కనిపిస్తుంది గానీ, ఆమె తనను తాను ఎలా చూసుకుంటోందన్నది ఆమె సొంత సంగతి. ఫోన్ కెమెరా చెరిపేసిన గీత సరిగ్గా ఇదే. అద్దంలో చూసుకున్న ముఖమే నేరుగా లోకానికి వెళ్లిపోతుంది.

పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో నల్లరాతి మదనికలది మరో కథ. అక్కడ ఒక మదనిక కాలికి ఎత్తు మడమల చెప్పులాంటిది కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటే హైహీల్స్ ఉండేవంటూ ఆ పాదం ఫొటో ఫోన్ల నిండా తిరుగుతోంది. 2021లో ఆ గుడి యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక ఈ ప్రచారం మరీ పెరిగింది. అద్దంలా మెరిసేలా నునుపు చేసిన ఆ రాతి పనితనం, నడుము దగ్గర తిరిగే ఆ ఒంపు, మెడలో హారం నీడ మెడ మీదే పడేలా చెక్కిన నేర్పు వెనక్కి పోయి చెప్పు ముందుకొచ్చింది. పాత శిల్పాన్ని కూడా ‘వైరల్’ అయ్యే ముక్కగా కత్తిరించడం అంటే ఇదే.

శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. ముఖం పొడవును తాళం అనే ప్రమాణంగా తీసుకుని దాని లెక్కన మొత్తం దేహాన్ని నిర్ణయిస్తారు. ప్రధాన దేవతలకు దశతాళం, మిగతావారికి అంతకు తక్కువ. అంటే ఆదర్శ దేహం ఉండేది, కానీ అది దేవుడిది. మామూలు మనిషి ఆ కొలతకు సరిపోవాలని ఎవరూ అడగలేదు. ఫోన్‌లోని బ్యూటీ ఫిల్టర్ కూడా ఒక తాళమానమే. కళ్లు ఇంత, దవడ ఇంత, చర్మం ఇలా అని ముందే నిర్ణయించి ఉంటుంది. కాకపోతే అది దేవుడిని వదిలేసి భక్తుడి మీద పడింది. పైగా కెమెరా చెప్పేదంతా నిజమూ కాదు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో వైద్యులు లెక్కగట్టి చూపించారు. ముక్కు బాగు చేయమని సెల్ఫీ చూపిస్తూ వచ్చేవాళ్లకు జవాబుగా చేసిన లెక్క అది.

రాజులు తమ రూపాన్ని గుళ్లో పెట్టించుకోవడం కూడా పాత అలవాటే. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి నిలువెత్తు రాగి విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. ఎవరెవరో తెలిసేలా భుజాల మీద పేర్లు కూడా చెక్కారు. దండం పెడుతున్న భంగిమలో వినయం ఉంది, నిలువెత్తు లోహంలో ప్రకటన ఉంది. ఆ నమస్కారం యాత్రికుడికి కాదు, స్వామికి. తన రూపాన్ని ఎవరికి చూపించాలన్న విషయంలో ఆ రాజుకు స్పష్టత ఉంది.

అదే రాయలు 1516లో దర్శించిన సింహాచలం, విశాఖ శివారు పెందుర్తికి దగ్గరలోనే ఉన్న కొండ. అక్కడి వరాహ లక్ష్మీనరసింహుడి మూర్తి ఏడాది పొడుగునా చందనం కింద ఉంటుంది. కనిపించేది ముద్దలాంటి ఆకారం మాత్రమే. వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవం రోజున, ఆ పూత తీసి నిజరూప దర్శనం ఇస్తారు. తర్వాత మూడేసి మణుగుల చందనాన్ని నాలుగు విడతల్లో మళ్లీ పూస్తారు. గుడి బయటి గోడల మీదేమో తూర్పు గాంగుల కాలపు శిల్పం ఎవరికైనా, ఎప్పుడైనా కనిపిస్తుంది. గర్భగుడిలోనిది మాత్రం దాచిన రూపం. ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత విలువ అన్న ఇప్పటి లెక్కకు ఇది పూర్తిగా ఎదురు నడక. ఎంత పెద్ద ఇన్‌ఫ్లుయెన్సరైనా ఏడాదికి ఒక్కరోజే కనిపిస్తానంటే ఖాతా మూసుకోవాల్సిందే.

ఆధునిక శిల్పానికి వస్తే, ఈ చర్చలో తెలుగువారు ముందుగా చెప్పుకోవాల్సిన పేరు జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలో శిల్పం చదివి, 1980ల మొదట్లో లండన్‌లో గోల్డ్‌స్మిత్స్, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లలో శిక్షణ పొందారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో అధ్యాపకుడిగా విశాఖలో స్థిరపడ్డారు. 1996లో న్యూయార్క్‌లో ఏషియా సొసైటీ నిర్వహించిన సమకాలీన ఆసియా కళా ప్రదర్శనలో ఆయన పనులున్నాయి. 2001లో పిట్స్‌బర్గ్‌లోని ఆండీ వార్హోల్ మ్యూజియంలో ప్రదర్శన జరిగింది. ప్రపంచానికి ఆయన తెలిసింది స్త్రీల తలలు చెక్కే శిల్పిగా. దేవి, రాధ, కృష్ణవేణి, తార లాంటివి వాటి పేర్లు. బడి హాజరుపట్టీలో కనిపించే పేర్లే, గుళ్లోనూ వినిపించే పేర్లే.

ఆ తలల్లో ఒకదాని ముందు నిలబడితే ముందుగా తగిలేవి కళ్లు. రెప్ప వాలని, పూర్తిగా విప్పారిన కళ్లు. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా, చుట్టూ దిద్దిన కాటుక గీత. నుదుట బొట్టు, ఎర్రటి పెదవులు, చర్మం స్థానంలో బంగారు రేకు లేదా కార్లకు వేసే రకం మెరుపు రంగు. మెడ దగ్గర ఆగిపోతుంది. వెనక వైపు నుంచి చూస్తే అసలు పని కనిపిస్తుంది. చుట్టలు చుట్టి, మెలికలు తిప్పి, పూలు చుట్టిన కొప్పు. ముఖాలు ఇంచుమించు ఒకే పోలికలో ఉన్నా కొప్పులు దేనికదే. కొన్ని తలలు మనిషి ఎత్తును మించి ఉంటాయి. ముందు మట్టితో నమూనా, దాని మీద ప్లాస్టర్ అచ్చు, అందులో పాలియెస్టర్ రెజిన్‌తో ఫైబర్‌గ్లాస్, ఆపైన రంగు లేదా బంగారు రేకు. గ్రామదేవతకు కళ్లు దిద్దే పద్ధతి, సినిమా హోర్డింగ్ రంగులు, సంతలో ఎదురయ్యే ఆడవాళ్ల నిబ్బరం ఈ మూడూ ఒకే ముఖంలో కలిసిపోయాయి.

వీటిని సామాజిక మాధ్యమాల మీద వ్యాఖ్యగా శిల్పి తలపెట్టలేదు. 1990ల్లో ఆ మాటకు అర్థమే లేదు. అయినా నేటి ముఖాన్ని ఇంత సూటిగా చెప్పిన తెలుగు శిల్పం మరొకటి లేదు. నిగనిగలాడే చర్మం, ముడత లేకపోవడం, పెద్ద చేసిన కళ్లు, ప్రతిసారీ అదే కోణం, అదే ముస్తాబు: ఈ లక్షణాలన్నీ ఇవాళ ఫిల్టర్ వేసిన ముఖానివి. తేడా చూపులో ఉంది. ఫిల్టర్ ముఖం ఎదుటివారి మెప్పు కోసం ఎదురు చూస్తుంది. రవీందర్ రెడ్డి తలకు ఎవరి మెప్పూ అక్కర్లేదు. అది చూసేవాణ్ని దాటుకుని ఎటో చూస్తుంది. ఆర్ట్ ఫెయిర్లలో జనం దాని ముందు సెల్ఫీలు దిగినప్పుడు ఈ సంగతి మరింత తేటపడుతుంది. ముందు నవ్వుతున్న చిన్న ముఖం, వెనక నవ్వని పెద్ద ముఖం. లైక్ కోసం తీసిన ఫొటోలో లైక్ పట్టని ముఖమే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

ఫోన్‌నే విషయంగా తీసుకున్న శిల్పాల్లో బాగా పేరొచ్చింది ‘అబ్సార్బ్డ్ బై లైట్’. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ లైట్ ఫెస్టివల్ కోసం గాలీ మే లూకస్ ఆలోచించగా కారోలీన్ హింట్స్ బొమ్మలు చేశారు. బెంచీ మీద ముగ్గురు తలలు వంచుకుని కూర్చుంటారు, వారి ముఖాల మీద పడే వెలుతురు చేతిలోని తెరలదే. బొమ్మల మధ్య ఖాళీలు వదిలారు. జనం వెళ్లి ఆ ఖాళీల్లో కూర్చున్నారు, ఫొటోలు దిగారు, పంచుకున్నారు. విమర్శ తాను విమర్శించిన దారిలోనే ప్రపంచమంతా తిరిగింది. ఆ ఖాళీలే లేకపోతే ఈ పని నీతిబోధ దగ్గర ఆగిపోయేది.

టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో 2016లో టౌన్ స్క్వేర్‌లో పెట్టిన కంచు బొమ్మ అలా ఆగిపోయిందే. ఇద్దరు అమ్మాయిలు ఫోన్ ఎత్తి సెల్ఫీ తీసుకుంటుంటారు, అంతే. ఆక్షేపణా లేదు, ముచ్చటా లేదు. అది ఆన్‌లైన్‌లో వెటకారానికి గురైంది. అక్కడ జనం రోజూ చేసే పనినే చూపించామని ఊరి పెద్దలు సమాధానం చెప్పుకున్నారు. తెలుగువారు గణనీయంగా ఉన్న హ్యూస్టన్ శివారు అది. అదే ఊళ్లో 2024 ఆగస్టులో, అష్టలక్ష్మి ఆలయ ఆవరణలో, చిన్న జీయర్ స్వామి సంకల్పంతో 90 అడుగుల హనుమంతుడు లేచాడు. మరుసటి ఏడాది అక్కడి రాజకీయ అభ్యర్థి ఒకరు ఆ విగ్రహాన్ని ఆక్షేపిస్తూ పెట్టిన పోస్టుపై పెద్ద దుమారం రేగింది. సెల్ఫీ మీద చేసిన బొమ్మ కన్నా సెల్ఫీతో ఏ సంబంధమూ లేని బొమ్మే సామాజిక మాధ్యమాల్లో ఎక్కువ నలిగింది.

చూసేవాణ్నే శిల్పంలోకి లాగేవి అద్దపు పనులు. ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ షికాగోలో చేసిన ‘క్లౌడ్ గేట్’ 168 స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలను అతుకు కనిపించకుండా కలిపిన పని. 2004లో మొదటిసారి జనం ముందుకొచ్చి, 2006లో పూర్తయింది. ఎత్తు 33 అడుగులు. ముందు నిలబడినవాడు తనను వెతుక్కోవాలి, ఎందుకంటే వంగిన ఆకాశహర్మ్యాల మధ్య మనిషి చీమంత అయిపోతాడు. తనను చూసుకోవడానికి వచ్చినవాడికి ఊరిని చూపించి పంపుతుంది. యయోయి కుసామా అద్దాల గదుల్లో ఈ విరుపు తక్కువ. అక్కడ ప్రతిబింబం అనంతంగా పెరుగుతుంది, చూసే సమయమే తరుగుతుంది. 2017లో వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియంలో ఒక్కో గదిలో అర నిమిషానికి మించి ఉండనివ్వలేదు. ఆ అర నిమిషం ఫోన్ తీయడానికే సరిపోయేది. ఫొటో తీసుకోబోయి ఒక సందర్శకుడు అక్కడి గుమ్మడికాయ బొమ్మ ఒకటి పగలగొట్టాడని వార్తలు కూడా వచ్చాయి.

పగలగొట్టడం ఇప్పుడు ఈ చరిత్రలో విడిగా ఒక అధ్యాయమే. 2020లో ఇటలీలోని పొసాన్యోలో ఒక పర్యాటకుడు కనోవా చేసిన పౌలీనా బోనపార్టే ప్లాస్టర్ నమూనా మీద ఫొటో కోసం వాలి కాలివేళ్లు విరిచాడు. పౌలీనా నెపోలియన్ చెల్లెలు, తనను అర్ధనగ్న వీనస్‌గా చెక్కించుకున్న మనిషి. తన రూపం మీద ఎనలేని నమ్మకం ఉన్న స్త్రీ బొమ్మను రెండు శతాబ్దాల తర్వాత అలాంటి నమ్మకమే విరిచింది. బొమ్మలు విరిగితే అతికించుకోవచ్చు. 2011–2017 మధ్య సెల్ఫీ తీసుకుంటూ ప్రపంచంలో 259 మంది చనిపోయారని, వారిలో 159 మంది భారతీయులేనని 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

ఇక శిల్పి పేరే లేని శిల్పాలు. ఊరి పేరును నిలువెత్తు అక్షరాలుగా పోసి, మధ్యలో ఎర్రటి గుండె పెట్టి, ముందు నిలబడే జాగా వదలడం విశాఖ సాగరతీరం సహా దేశమంతా పాకింది. దీనికి మూలాల్లో ఒకటైన ‘ఐ ఆమ్‌స్టర్‌డామ్’ అక్షరాలను 2018 డిసెంబరులో ఆ నగరం మ్యూజియం ముందు నుంచి తీసేసింది. అందులో ‘నేను’ ఎక్కువై ఊరు తక్కువైందన్నది నగర మండలిలో వచ్చిన అభ్యంతరం. ఇక్కడ ప్రభుత్వాలే అటు నడిచాయి. విశ్వవిద్యాలయాలు సెల్ఫీ పాయింట్లు పెట్టాలని 2023 డిసెంబరులో యూజీసీ లేఖ రాసింది. అదే నెలలో సమాచార హక్కు కింద వచ్చిన జవాబును బట్టి, రైల్వే స్టేషన్లలో ప్రధాని బొమ్మతో పెట్టిన శాశ్వత సెల్ఫీ బూత్ ఒక్కోదానికి రూ.6.25 లక్షలు మంజూరైంది. ఆ సొమ్ముకు ఒక యువ శిల్పి ఏడాది పాటు పని చేసేవాడు.

విశాఖలో అన్నిటికన్నా గొప్ప సెల్ఫీ శిల్పాన్ని మాత్రం ఎవరూ చెక్కలేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు లంగరు తెగిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. తుప్పు పట్టిన పక్కలు, ఒరిగిన ముక్కు, ఇంజను గది మీద నురగ. దాన్ని వెనక పెట్టుకుని ఫొటో దిగని విశాఖవాసి అరుదు. పడిపోయిన యంత్రం ముందు ముస్తాబైన మనిషి అన్న అమరిక, గ్యాలరీలో ఏ శిల్పి పేర్చినా, వ్యంగ్యం అనిపించేది. తీరంలో అదే విహారమైంది.

అభిమానం పుట్టించే బొమ్మలదీ ఇదే వరస. మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మల్లో 2017లో బ్యాంకాక్‌లో ప్రభాస్, 2019లో సింగపూర్‌లో మహేశ్ బాబు, 2024లో దుబాయ్‌లో అల్లు అర్జున్ చేరారు. మహేశ్ బొమ్మనైతే ముందుగా హైదరాబాద్ తెచ్చి అభిమానులను ఫొటోలు దిగనిచ్చారు. మైనపు బొమ్మ పని కళ కన్నా ఫొటోకు నిలబడటమే. 2023లో బాపట్ల జిల్లా ఆలపాడులో ఒక అభిమాని తన ఇంటి ఆవరణలో సమంతకు గుడి కట్టి బొమ్మ పెట్టారు. చిన్న ఊరి వార్త ఫోన్లలో దేశమంతా తిరిగింది, పోలిక కుదరలేదన్న ఎగతాళితో సహా. అదే ఏడాది మైసూరు మ్యూజియంలోని బాహుబలి మైనపు బొమ్మకు పోలిక లేదని జనం వెక్కిరించారు, తమ అనుమతి లేదని నిర్మాత ఎక్స్‌లో పోస్టు పెట్టడంతో దాన్ని తీసేశారు. పోలికను తూకం వేసే పని విమర్శకుడి నుంచి జనం చేతికి వచ్చింది.

విగ్రహాల పరిశ్రమలో పోలిక అనేది రోజువారీ పేచీ. కోనసీమ కొత్తపేటలో శిల్పులైన వుడయార్ కుటుంబం దగ్గర నాయకుల, తల్లిదండ్రుల విగ్రహాలకు ఆర్డర్లు వస్తుంటాయి. ఇలాంటి పనికి శిల్పి చేతికి అందేది ఒకటో రెండో ఫొటోలు. ఎదురు ఫొటో ఒక్కటే ఉంటే ముక్కు ఎత్తు, తల వెనక భాగం ఊహించుకోవాల్సిందే. మట్టి నమూనా దశలో కుటుంబం వచ్చి మార్పులు చెబుతుంది. ఇంట్లోవాళ్లకు గుర్తున్న మనిషి, ఫ్లెక్సీ మీద నునుపు చేసిన మనిషి, అసలు మనిషి ముగ్గురూ వేరు. ఎక్కువసార్లు గెలిచేది ఫ్లెక్సీ మనిషే.

ట్రెండును శిల్పంగా మార్చడంలో వినాయక చవితి మండపాలను మించినవి లేవు. 2022లో పుష్ప వినాయకులు, ఆర్ఆర్ఆర్ వినాయకులు దిగారు. పెందుర్తి లాంటి శివారు కూడళ్లలో చవితికి ముందు రోడ్డు పక్కన టార్పాలిన్ల కింద జరిగే పని చూస్తే ఇది ఎంత తేలికో తెలుస్తుంది. రబ్బరు అచ్చులో కొబ్బరి పీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి మొండెం తీస్తారు. తల, తొండం, చేతులు విడిగా పోసి అతికిస్తారు. మొండెం అదే, ఒక భుజం పైకెత్తి, చెయ్యి గడ్డం కిందికి తిప్పి అతికిస్తే పుష్ప. విల్లు పట్టిస్తే రామరాజు. దేవుడికి హీరో భంగిమ ఏమిటని కోప్పడేవాళ్లూ ఉన్నారు. కానీ తొమ్మిది రోజుల తర్వాత నీళ్లలో కలిసిపోయే ఈ బొమ్మ, ఆ ఏడాది జనం ఎవరిలా కనపడాలనుకున్నారో దాచకుండా చెప్పేస్తుంది. శాశ్వతంగా నిలిచే కంచు విగ్రహాల్లో ఆ నిజాయితీ తక్కువ.

బొమ్మ అసలు మట్టిలోనే ఉండనక్కర్లేదన్న దశ కూడా వచ్చింది. 2017 అక్టోబరులో స్నాప్‌చాట్ జెఫ్ కూన్స్ ‘బెలూన్ డాగ్’ను న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఫోన్ తెర మీద మాత్రమే కనిపించేలా నిలిపింది. వెంటనే సెబాస్టియన్ ఎర్రాజురిజ్ అనే కళాకారుడు దానికి నకలు చేసి, ఒళ్లంతా గోడరాతలు రాసి, అదే చోట తన తెర మీద పెట్టాడు. బహిరంగ స్థలంలో బొమ్మ పెట్టడానికి కంపెనీలు ఎవరి అనుమతి తీసుకున్నాయన్నది అతని ప్రశ్న. తెలుగు నగరాల్లో ఈ ప్రశ్న ఇంకా ఎవరూ గట్టిగా వేయలేదు.

చివరిగా హక్కుల సంగతి. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదు. అమెరికాలో శిల్పాలకు ఆ వెసులుబాటు లేదు. ‘క్లౌడ్ గేట్’ను తన ప్రచార వీడియోలో వాడుకున్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మీద అనీష్ కపూర్ 2018లో దావా వేసి, ఆ దృశ్యాన్ని తీయించగలిగారు. ముఖం సొంతదారుకు మాత్రం ఇక్కడా రక్షణ పెరుగుతోంది. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు పొందారు. శిల్పికి మిగిలింది 57వ సెక్షన్. కృతి తనదేనని చెప్పుకునే హక్కు, దాన్ని పాడు చేస్తే అడ్డుకునే హక్కు అందులో ఉన్నాయి. విజ్ఞాన్ భవన్ నుంచి తీసేసిన తన కంచు కుడ్యశిల్పం కోసం అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షన్ మీదే పోరాడి 2005లో గెలిచారు. తెలుగు ఊళ్లలో విగ్రహం కింది శిలాఫలకం మీద ఆవిష్కర్త, అధ్యక్షుడు, దాతల పేర్లు వరసగా ఉంటాయి గానీ చేసినవాడి పేరు ఉండటం అరుదు. ఫలకం మీదే లేని పేరు పోస్టు కింద ట్యాగ్‌లో కనిపించదు.